నొప్పికి ఒక గడి: మా ఎంతమ్మ గారి ముప్పై ఎనిమిదేళ్ళు

కిర్రు, కిర్రు, కిర్రు, టక్కు. మా ఆసుపత్రి పొడవాటి నడవాలో ఏ వార్డులో పడుకున్న రోగికైనా ముందుగా వినబడేది ఆ చప్పుడు, ఆ తరువాతే మనిషి కనబడేది. మూడు చక్రాలు మెత్తగా దొర్లుతూ, నాలుగోది మాత్రం మూలుగుతూ వచ్చే ఆ మందుల బండి గుమ్మం దగ్గర గడపకు తగిలి ఆగేది. చక్రానికి నూనె వేయిస్తామని స్టోర్సు వారు ఎన్నిసార్లు ముందుకు వచ్చినా ఎంతమ్మ గారు ఒప్పుకోలేదు. "అది వినబడితే, వచ్చేస్తోంది, ఇంకాసేపు ఓర్చుకుందాం అనుకుంటారు. ఆ నూనేదో మీ స్టోరు తలుపులకి వేసుకోండి, అవి తెరుచుకుంటే చాలు" అనేవారు. 1987 జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై రెండేళ్ళ ప్రాయంలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరి ఆ బండి పిడిని పట్టుకున్న చేతులు, ఈ నెల ముప్పై ఒకటిన, శుక్రవారం సాయంత్రం, హాజరు పట్టీలో చివరి సంతకం చేయబోతున్నాయి.

రోగులు వారికి పెట్టిన పేరు ఎంతమ్మ. మంచం పక్కన కూర్చుని "ఎంత?" అని అడిగేవారు కనుక ఆ పేరు వచ్చింది. కాలక్రమాన వైద్యులూ, ఆయాలూ, గేటు దగ్గరి కాపలాదారూ అదే పేరుతో పిలవసాగారు, మేము మాత్రం దానికి 'గారు' చేర్చుకున్నాం. ఎంత జ్వరం అని కాదు, ఎంత ఖర్చు అని కాదు, ఎంత నొప్పి అని.

ఇటువంటి పదవీ విరమణ సంచికల్లో సాధారణంగా దాచే విషయం ఒకటి ఇక్కడ దాచడం లేదు. అది వారి ఆజ్ఞ. ఎంతమ్మ గారి వెన్నెముకలో ఒక గడ్డ పెరుగుతోందనీ, దానిని తీసివేయడం సాధ్యం కాదనీ, ఇక మిగిలినది బాధను తగ్గించడమేననీ మా వైద్యులు జూన్ మాసంలో తేల్చి చెప్పారు. తగ్గించాలంటే ఎంత ఉందో తెలియాలి. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి నొప్పినీ కొలిచిన ఆ మనిషి, తన నొప్పి ఎంతని ఎవరు అడిగినా, గత నాలుగు నెలలుగా ఒకే జవాబు చెబుతూ వచ్చారు: "రెండు." రెండు అంటే రెండుకు తగిన మాత్రే ఇస్తారు. ఆ మాత్రతో వారు నాలుగు నెలలు గడిపారు.

వారు చేరిన నాటికి రోగి తలాపిన వేలాడే కేసు షీటులో వేడికి గడి ఉంది, నాడికి గడి ఉంది, ఊపిరికి గడి ఉంది, పోసిన మూత్రానికి కూడా గడి ఉంది, నొప్పికి గడి లేదు. చేరిన మూడో వారంలో, ఒక చెక్క స్కేలు, ఒక పెన్సిలు తీసుకుని, ప్రతి షీటు కుడి అంచున వారే ఒక గడి గీశారు. అప్పటి పెద్ద సర్జను గారు రౌండ్సులో ఆ గీతను చూసి వార్డంతా వినబడేలా నవ్వారు.

"ఏమ్మా, నొప్పిని మూరల్లో కొలుస్తావా, గజాల్లోనా? బట్టల కొట్టేమైనా పెట్టావా ఇక్కడ?"

"రోగి చెప్పిన కొలతలో రాస్తాను సార్. మీరు కోసిన కొలత పక్క గడిలో రాసే ఉంది."

ఆ జవాబుకు మూల్యంగా ఆరు నెలలు వారికి ఆదివారం సెలవు దొరకలేదని పాతవారు చెబుతారు. గడి మాత్రం చెరగలేదు.

వారి పద్ధతి చూడటానికి సులువుగా ఉంటుంది, చేయబోతే కష్టం. నిలబడి అడగకూడదు. ఎత్తు తక్కువ స్టూలు మీద, మన కళ్ళు రోగి కళ్ళకంటే కిందుగా ఉండేలా కూర్చోవాలి. ముందు అతని పది ఏదో తెలుసుకోవాలి: "పుట్టి బుద్ధెరిగాక నువ్వు పడ్డ అతి పెద్ద బాధ ఏది? అదే నీ పది. ఇప్పటిది దాని పక్కన పెట్టి చూసి చెప్పు, ఎంత?" ఒకరి పది మరొకరికి పనికిరాదు. చెప్పిన అంకె మనకు నచ్చకపోయినా దిద్దకూడదు, పదేపదే అడిగి తగ్గించకూడదు. మాట్లాడలేని వారి నుదుటిని చూడాలి, దవడను చూడాలి, దుప్పటి అంచును పట్టుకున్న వేళ్ళను చూడాలి. కొత్తగా చేరిన మాలాంటి వారి కాగితాల మీద వారి ఎర్ర సిరా వ్యాఖ్య తరచూ ఉండేది. "ఉపమానాలు రోగివి రాయి, నీవి కాదు" అన్నది నా కాగితం మీద మూడుసార్లు పడింది.

అంకెలు అందరికీ నప్పవని వారికి నేర్పినది ఒక మోకాళ్ళ నొప్పుల అవ్వ. ఆ సంఘటన చెప్పేటప్పుడు మాత్రం ఎంతమ్మ గారి ముఖంలో వెలుగు వచ్చేది.

"పదిలో ఎంతవ్వా?"

"పదీ లేదు, పరకా లేదు. మా తోడికోడలొచ్చింది."

"ఎవరూ రాలేదు కదవ్వా?"

"దీని పేరే తల్లీ. పిలవకుండా వస్తది, వచ్చి నడిమింట్లో కూర్చుంటది, పొమ్మంటే ఏడుస్తది. తోడికోడలు కాక మరేంటి?"

మరునాడు ఉదయం వారు స్టూలు లాక్కుని, "తోడికోడలు పోయిందా అవ్వా?" అని అడిగారట. "ఏం పోద్ది? ఇయ్యాల మూట కూడా తెచ్చుకుంది" అన్నదట అవ్వ. మూట తెచ్చుకుందంటే నొప్పి ఉండిపోయే నొప్పిగా మారిందని గ్రహించి, ఎంతమ్మ గారు వైద్యులను పిలిపించారు. ఎముకలో చీము బయటపడింది. ఆనాటి నుండి వారి గడి మూడు భాగాలైంది: మొదటిది అంకె, రెండోది ముఖం, మూడోది పేరు. రోగి తన నొప్పికి తానే పెట్టుకునే పేరు అది. మా పాత షీటులలో ఒక వడ్రంగి రాయించిన, చెక్కను తొలిచే 'బరమా' ఉంది, ఒక లారీ డ్రైవరు రాయించిన 'మొదటి గేరు' ఉంది, ఒక పంతులమ్మ రాయించిన 'ఇన్‌స్పెక్షన్' ఉంది. పేరు పెట్టిన నొప్పిని మనిషి తనకంటే వేరుగా చూడగలడనీ, వేరుగా చూసిన దానిని గురించే నిజం చెప్పగలడనీ వారి నమ్మకం.

రెండో భాగానికి కావలసిన ఆరు ముఖాలను వారి భర్త, డ్రాయింగు మాష్టారు గారు, అట్టల మీద వేసి ఇచ్చారు. నవ్వే ముఖం మొదలు కన్నీళ్ళ ముఖం వరకూ ఉన్న ఆ అట్టలు పిల్లల వార్డులో ఎన్నో చిట్టివేళ్ళ ముద్రలతో మాసిపోయి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పిల్లల వార్డులోనే, 2001లో, ఈ వ్యాసంలో ఉండి తీరాలని వారు పట్టుబట్టిన ఘటన జరిగింది. "అది రాయకపోతే మిగతాదీ రాయకు" అన్నారు. రాస్తున్నాను.

పేగు ఆపరేషను జరిగిన ఆరేళ్ళ పాప. తండ్రి ఇళ్ళకు రంగులు వేసే పనివాడు, గోళ్ళ చుట్టూ సున్నం. వార్డు చుట్టివచ్చే మధ్యాహ్నం వంతులో ఎంతమ్మ గారు వెళ్ళేసరికి పాప కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుని ఉంది. ఆరు ముఖాల అట్టలు చేతిలోనే ఉన్నాయి, నిద్రపోయే పిల్లను లేపడం ఎందుకని చూపలేదు. తండ్రి మెల్లగా అన్నాడు:

"సిస్టరమ్మా, ఇది ఒక్కచోట కుదురుగా ఉండే పిల్ల కాదు. గోడలూ గూళ్ళూ ఎగబాకుతుందని ఇంట్లో ఓ బుల్లి జంతువు పేరుతోనే పిలుస్తాం, బళ్ళో పేరు మాకే సరిగ్గా గుర్తుండదు. ఇట్లా కదలకుండా పడుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"హాయిగా ఉంది కాబట్టే పడుకుంది నాయనా. కదపకు."

గడిలో సున్నా వేశారు. మరో రెండు వంతులలోనూ సున్నాయే వేశారు. నాలుగో వంతులో దుప్పటి తీసి చూస్తే పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపలి కుట్లు విడిపోయాయి. కదిలితే లాగుతుంది, ఏడిస్తే ఇంకా లాగుతుంది, అందుచేత ఆ పాప కదలలేదు, ఏడవలేదు. మళ్ళీ ఆపరేషను చేశారు. మూడో రోజు మధ్యాహ్నానికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు.

తండ్రి వెళ్ళిపోతూ వారిని నిందించలేదు. "మీరు కదపొద్దన్నారని నేను చెయ్యి కూడా వెయ్యలేదమ్మా" అని మాత్రం అన్నాడు.

"నా చేతి కింద మూడు సున్నాలు ఒకే వరుసలో ఉన్నాయి" అని ఎంతమ్మ గారు నాతో అన్నారు. "గుండ్రంగా, అందంగా. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు కదా." పాప ముద్దుపేరు ఏమిటని అడిగాను. "అది మాత్రం అడగకు" అన్నారు. ఇరవై నాలుగేళ్ళలో ఆ పేరు వారి నోట మాష్టారు గారు కూడా వినలేదు.

ఆ మరుసటి రోజు నుండి వారి వంతు ఒకటో మంచం దగ్గర మొదలు కాలేదు. గుమ్మంలో నిలబడి వార్డంతా ఒకసారి కలయజూసి, అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉన్న మంచం దగ్గరకు ముందు వెళ్ళేవారు. మూలిగేవాడు అడుగుతున్నాడు, అడగనివాడి దగ్గరకు మనమే వెళ్ళాలి అనేవారు. ఈనాటికీ మా ఆసుపత్రిలో రౌండ్సు అలాగే నడుస్తుంది. ఎందుకో తెలియకుండానే చాలామంది అలా చేస్తున్నారు, ఈ వ్యాసం చదివాక తెలుస్తుంది.

2009లో తనిఖీ అధికారులు రానున్నారని, ఏడు దాటిన అంకెలన్నిటినీ ఆరుగా దిద్దవలసిందని మౌఖికంగా ఉత్తర్వు వచ్చింది. పైవారికి అంత నొప్పి కనబడటం సంస్థకు శోభ కాదని కారణం చెప్పారు. అందరూ దిద్దారు. ఎంతమ్మ గారు దిద్దలేదు. తనిఖీ ముగిసిన వారానికి వారిని దుప్పట్ల గదికి బదిలీ చేశారు. రెండు సంవత్సరాలు, రోగి ముఖం కనబడని ఆ గదిలో, ఉతకవలసిన బట్టలను లెక్కపెట్టే పని చేశారు.

అక్కడా కొలత ఆపలేదు. మంచం సంఖ్య గుర్తు వేసిన దిండు గలీబులు మూటలుగా వచ్చినప్పుడు, ఏ గలీబు మూల పళ్ళతో కొరికి ఉందో, ఏ దుప్పటి అంచు పిడికిలిలో మెలిపడి ఉందో చూసి, వార్డుకు చీటీ పంపేవారు: "ఏడో మంచం గలీబు కొరికి ఉంది. దయచేసి అడగండి." అలాంటి చీటీలు రెండేళ్ళపాటు ప్రతిరోజూ వెళ్ళాయి. కొన్నింటిని చదివారు. ఎక్కువ వాటిని టీ గ్లాసుల కింద పెట్టారు.

నిజం చెప్పాలంటే వారి ఉద్యోగ జీవితమంతా ఇంతే. కొలవడం మాకు వచ్చింది, తగ్గించడం రాలేదు. గట్టి మందులున్న బీరువాకు రెండు తాళాలు, ఇద్దరు అధికారులు, ఇద్దరూ ఒకే సమయంలో దొరికిన రోజులు అరుదు. తొమ్మిది అని రాసి, ఆ కాగితం పట్టుకుని, మూసిన బీరువా ముందు నిలబడి ఉన్న ఎంతమ్మ గారిని మాలో చూడనివారు లేరు. తిరిగి మంచం దగ్గరకు వెళ్ళి వారు ఏమి చెప్పేవారో కూడా మేము విన్నాం: "నువ్వు చెప్పింది రాశాను. అది ఎక్కడికీ పోదు." పోయింది. నేల గదిలో పేర్చిన ఆ షీటులను చెదలు తిన్నాయి. మిగిలినవాటిని మూడేళ్ళ క్రితం, స్థలం చాలదని, బండ్ల మీద పంపించివేశారు. వాటి స్థానంలో ఇప్పుడు చేతిలో పట్టే యంత్రం ఉంది. అందులోనూ నొప్పికి గడి ఉంది, కాని ఎవరూ ఏమీ రాయకపోతే అదే సున్నా వేసుకుంటుంది. నొప్పి పేరు రాసే చోటు లేదు. ఎంతమ్మ గారి తరువాత ఆ పదవిలో ఎవరినీ నియమించవద్దని ఉత్తర్వు కూడా వచ్చింది.

సెప్టెంబరులో వారు సెలవు మీద ఇంటికి పరిమితమయ్యారు. ఇళ్ళ దగ్గర చికిత్స పొందే రోగులను చూసివచ్చే పని నాది. ఈ నెల మొదటి వారంలో నేను వెళ్ళినప్పుడు మాష్టారు గారు గుమ్మం బయటే నన్ను ఆపారు. చేతిలో మడత పెట్టిన దిండు గలీబు ఉంది.

"పొద్దున్న పక్క దులుపుతుంటే చూశానమ్మా." మూల విప్పి చూపించారు. బట్ట చీలి దారాలు వేలాడుతున్నాయి. "నాతో రెండంటుంది. డాక్టరు గారితో రెండంటుంది. ఆయనేమో, ఆవిడ రెండంటే నేను నాలుగుకి మందెలా రాయను మాష్టారూ అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను, బొమ్మలు వేసిచ్చానే గానీ అడగడం నేర్చుకోలేదు. నువ్వైనా అడుగు తల్లీ."

లోపల వారు కిటికీ పక్క కుర్చీలో నిటారుగా, కదలకుండా కూర్చుని ఉన్నారు. నేను ఎత్తు తక్కువ పీట వెదికి తెచ్చుకుని కూర్చున్నాను.

"పీట బాగానే పట్టావు. అడుగు మరి."

"ఎంతండీ?"

"రెండు."

"మీ పది ఏదండీ?"

వారు కిటికీ వైపు చూశారు. "అది నీకు తెలుసు. ఆ పాప పడ్డది పది. దాని పక్కన పెట్టి చూసుకుంటే నాదెంత? రెండే."

"పది రోగిదే కావాలండీ, పక్క మంచానిది కాకూడదు. మీరే నేర్పారు."

"పెద్దదానివయ్యావే."

"మీరు చెప్పింది నేను దిద్దను. కానీ ఇది మీ అంకె కాదు కనుక రాయను కూడా రాయను. ఖాళీగా వదిలేస్తాను."

"ఖాళీగా వదిలితే ఆ మిషను ఏం వేస్తుందో తెలుసుగా?"

"తెలుసండీ. సున్నా వేస్తుంది." పీట ముందుకు జరుపుకున్నాను. "ఇప్పటికి నాలుగు నెలలు మీరు కదలకుండా కూర్చున్నారు. కదలకుండా ఉన్నవాళ్ళకి సున్నా వేయమంటారా?"

కుర్చీ చేతి మీది వారి వేళ్ళు తెల్లబడ్డాయి. తరువాత వారు చెప్పిన మాటలను వారి అనుమతితోనే ఇక్కడ ఉంచుతున్నాను.

"మందేసుకుని హాయిగా పడుకునే మొహం నాకుందా? ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడకుండా పడింది. నేనూ అలాగే పోదామనుకున్నాను." ఆగి, ఊపిరి పీల్చి, "తొమ్మిది. రాసుకో. కూర్చుంటే తొమ్మిది. దగ్గితే నీ మిషన్లో అంకె లేదు" అన్నారు.

రాసుకున్నాను. మూడో భాగానికి యంత్రంలో చోటు లేదు కనుక నా పుస్తకంలో ఒక గీత గీసి, "పేరు?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. ఆ గీత ఖాళీగా ఉండిపోయింది.

ఆ సాయంత్రమే బీరువా తాళాలు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. మందు పెరిగింది. తొమ్మిది ఆరైంది, ఆరు దగ్గర ఆగింది. అంతకంటే తగ్గే మార్గం తమకు తెలియదని వైద్యులు అంటున్నారు. గలీబులు ఇంకా అప్పుడప్పుడు కొరికి ఉంటున్నాయని మాష్టారు గారు అంటున్నారు. విజయగాథ రాయవలసిన చోట నేను రాయగలిగింది ఇంతమాత్రమే.

పదవీ విరమణ చేసే వారికి నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా జీవించాలని కోరుకోవడం ఆనవాయితీ. "తప్పుడు అంకె రాయకు" అని వారు ముందే హెచ్చరించారు గనుక నూరు అనే అంకె నేను రాయను. ఎన్ని ఉదయాలు మిగిలి ఉన్నాయో అన్ని ఉదయాలూ మూడు లోపుగా తెల్లవారాలనీ, వారి దిండు గలీబు నాలుగు మూలలూ పొద్దున్నే చెక్కుచెదరకుండా కనబడాలనీ, ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని అడిగే మనిషి ఏ రోజూ వారికి కరువు కాకూడదనీ, యావన్మంది సహోద్యోగుల పక్షాన, వారి కుటుంబ సభ్యుల సమక్షంలో, మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మేము ప్రతి వార్డులోనూ నిశ్శబ్దంగా ఉన్న మంచం దగ్గరకే ముందు వెళతామని వారికి మాట ఇస్తున్నాను.

అచ్చుకు పంపే ముందు, నిన్న మధ్యాహ్నం, ఈ వ్యాసాన్ని వారికి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. సున్నాల దగ్గర ఆపమనలేదు. దుప్పట్ల గది దగ్గర, "టీ గ్లాసుల సంగతి తీసెయ్, వాళ్ళ పిల్లలు చదువుతారు" అన్నారు, అంతలోనే, "వద్దులే, ఉంచు" అన్నారు. 'ఆ గీత ఖాళీగా ఉండిపోయింది' అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఎత్తారు.

"పుస్తకం తెచ్చావా?"

తెరిచి ఆ పేజీ చూపించాను. పక్క గదిలో కుంచెలు కడుగుతున్న మాష్టారు గారి చేతి కింద నీళ్ళ చప్పుడు ఆగింది.

"అంకె ఆరు. ముఖం నువ్వే చూసి రాసుకో. పేరు చెబుతాను."

రెండుసార్లు పెదవులు కదిలాయి, మాట రాలేదు. మూడోసారి, పక్క గదిలోకి కూడా స్పష్టంగా వినబడేలా, చెప్పారు.

"ఉడుత."